టీచరమ్మకి కృపావతి రాయునది

కృపావతి జీవితంలో మొదటి ఉత్తరం రాసేనాటికి ఆమెకు ఇరవయ్యారేళ్ళు. ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి వరకు చదివింది. తర్వాత పెన్నుతో పనిపడలేదు. బొర్రా స్టేషను నుంచి ఏడు కిలోమీటర్లు కొండెక్కితే వచ్చే కరకపుట్టులో ముప్ఫై ఇళ్ళుంటాయి. ఉత్తరం రాయాల్సినంత దూరంలో ఆ ఊరివాళ్ళకి చుట్టాలెవరూ లేరు. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, సంతలో మాట్లాడేది తెలుగు. రెండూ నోటి పనులే.

గోడల విషయంలో మాత్రం ఆమెకు పేరుంది. చైత్రంలో మగవాళ్ళు వేటకెళ్ళే ఇటుకల పండుగ ముందు ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఇళ్ళు అలుకుతారు. ఎర్రమట్టి పూత పూసి, కింద నల్లటి పట్టీ వేసి, గుమ్మం చుట్టూ తెల్లమట్టితో బొమ్మలు వేస్తారు. కృపావతి తల్లి చర్చిలో చేరాక పండుగ మానేసింది గాని గోడ మానలేదు. కూతురు కూడా అంతే. ఎవరింట్లో పెళ్ళయినా ముందు కృపావతిని పిలిచి గుమ్మం పక్క గోడ అప్పజెప్పేవారు. ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకుని, చెయ్యెత్తకుండా నెమలిని గీసేది. చెరపడం ఆమెకు తెలియదు. మట్టిగోడ మీద చెరిపితే మరక మిగులుతుంది.

రెండువేల పదో సంవత్సరం మే నెలలో విజయనగరం నుంచి రత్నాలు అనే డ్రాయింగు టీచరు పన్నెండుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని స్టేషను గోడకి బొమ్మలు వెయ్యడానికి వచ్చింది. వయసు నలభై. ఆర్ట్ కాలేజీలో అయిదేళ్ళు చదివింది. పెళ్ళి, ఉద్యోగం, అత్తగారి మంచం, వీటి మధ్య సొంత బొమ్మలు వెయ్యడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే గుర్తులేదు. గోడ మీద థింసా ఆడే ఆడవాళ్ళ వరస వేయిస్తోంది. ఆ గోడ నీడలోనే కృపావతి పనసతొనలు అమ్ముకుంటూ కూర్చునేది. రెండు రోజులు చూసింది. మూడో రోజు ఉండబట్టలేక లేచి వెళ్ళింది.

"టీచరమ్మా, ఈళ్ళు పడిపోతారు."

"ఎవరు?"

"మీరు గీసిన ఆడోళ్ళు. అందరూ ఎవలి కాలి మీద ఆళ్ళు నిలబడిపోనారు. అలాగైతే వరస కదల్దు. ఒకర్తి బరువు పక్కదాని మీద పడాల."

పిల్లలు నవ్వారు. రత్నాలు నవ్వలేదు. చేతిలోని కుంచె ఆమెకు ఇచ్చింది. కృపావతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసి, ఈతపుల్ల ఒకటి విరుచుకొచ్చింది. గోడ చివర జాగాలో ఏడుగురు ఆడవాళ్ళని వీపు వైపు నుంచి గీసింది. చేతులు ఒకరి నడుం వెనక నుంచి మరొకరివి, తలలు ఒక పక్కకి వాలి. ఆ వరస నిజంగానే నడుస్తున్నట్టుంది. రత్నాలు ఆ గీత ముందు చాలాసేపు నిలబడింది.

వెళ్ళిపోయే రోజు రత్నాలు తన చిరునామా రాసిన పది పోస్టు కవర్లు కృపావతి చేతిలో పెట్టి, "ఏదైనా రాయి. ఏమీ తోచకపోతే బొమ్మ వేసి పంపు," అంది.

నెల తర్వాత విజయనగరంలో ఒక కవరు అందింది. అంచులన్నీ ఎర్రగా ఉన్నాయి. లోపల మడతపెట్టిన మోదుగాకులో గుప్పెడు మట్టి, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం.

"టీచరమ్మకి కృపావతి రాయునది. ఇక్కడ మేము బాగున్నాము. మీరు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. వాన పడ్డాది. స్టేషను గోడకి మీరేసిన ఎరుపు కారిపోనాది. మా ఎరుపు కారదు. పంపుతున్నాను, సూడండి."

రత్నాలు ఆ మట్టిని నీళ్ళలో కలిపి, అదే మట్టితో కృపావతి కాగితం వెనకవైపు బొమ్మ వేసి జవాబు రాసింది.

అలా మొదలై పన్నెండేళ్ళు సాగింది. కింద ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసు చూసే రవిబాబు వారానికోసారి ఉత్తరాలు పైకి తెచ్చేవాడు, ఇచ్చినవి తీసుకెళ్ళేవాడు. టీచరమ్మా అన్నది కొన్నాళ్ళకి అక్కా అయింది. కృపావతి రాసేవి నాలుగైదు వాక్యాలే. మిగతా కాగితమంతా బొమ్మే. కాఫీ చెట్టుకి ఎగబాకిన మిరియపు తీగ, సంతలో తూకం రాయి, కూతురు సరళ నెత్తి మీద పేను. రత్నాలు పేజీలకి పేజీలు రాసేది. స్కూల్లో తనని ఎవరూ పట్టించుకోకపోవడం, అత్తగారి విసుగు, అలమరా వెనక దుమ్ముపట్టిన కాన్వాసులు. "నేనిప్పుడు బొమ్మలు వెయ్యను కృపా. పిల్లలకి నేర్పిస్తాను, అంతే," అని ప్రతి మూడో ఉత్తరంలో ఉండేది. ఆ పక్కనే, తను చెప్పే సంగతి అర్థం కావాలని, బాల్ పెన్నుతో ఒక బొమ్మ ఉండేది. కోట గోడ మీంచి ఎండ దిగడం, బస్‌స్టాండు టీకొట్టు, నిద్రపోతున్న వాళ్ళమ్మ చేతులు.

ఒకరి బొమ్మ గురించి ఇంకొకరు మొహమాటపడేవారు కాదు. "నీ ఆవు కాళ్ళు పొట్టివి," అని రత్నాలు రాస్తే, "మా ఆవులు పొట్టివే, కొండ మీదవి," అని జవాబొచ్చేది. ఎదుటి కొండ మీద టవరు పెట్టాక కృపావతి భర్త బుధు ఫోను కొన్నాడు. అయినా వాళ్ళిద్దరూ ఉత్తరాలు మానలేదు.

రెండువేల పదిహేను ఆగస్టులో కృపావతికి ఎనిమిదో నెల. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి కరకపుట్టుకి రోడ్డు లేదు. వెదురుబొంగుకి దుప్పటి కట్టి డోలీ చేశారు. నలుగురు మోశారు. ముందు బుధు. జీపు అందుకునేసరికి ఆలస్యమైపోయింది. ఆడపిల్ల. ఏడవలేదు.

ఇంటికొచ్చాక భార్యాభర్తలు ఆ రోజు గురించి ఒక్క మాట అనుకోలేదు. బుధు పొలం పనిలో పడ్డాడు. మాట తక్కువ మనిషి, మరీ తగ్గిపోయాడు. బిడ్డని ఎక్కడ పెట్టారో కృపావతి అడగలేదు, అతను చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఆమె రత్నాలుకి ఉత్తరం పంపింది. అందులో అక్షరం లేదు. పడుకున్న మనిషికి డోలీలోంచి ఏం కనిపిస్తుందో అది గీసింది. పైన అడ్డంగా వెదురుబొంగు, రెండు పక్కలా దుప్పటి అంచులు, ఆకుల సందుల్లో చిన్న చిన్న ఆకాశపు ముక్కలు, ముందు మోస్తున్న మనిషి మెడ, దాని మీద తువ్వాలు ముడి. అంతే.

కడుపుతో ఉందని ముందు ఉత్తరాల్లో చదివిన రత్నాలుకి అర్థమైంది. జవాబులో ఆమె కూడా ఏమీ రాయలేదు. తన రెండు చేతులు, ఖాళీగా తెరిచినవి, గీసి పంపింది. కృపావతి ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుంది.

ఏడేళ్ళు గడిచాయి. రెండువేల ఇరవై రెండు నవంబరులో, కాఫీ పళ్ళు కోసి ఆరబెడుతున్న రోజుల్లో, రవిబాబు మామూలుకన్నా పెందరాళే వచ్చాడు. చేతిలో దినపత్రిక.

"కృపమ్మా, పేపర్లో పడ్డావు సూడు."

జిల్లా పేజీలో సగం నిండా ఉంది. విశాఖపట్నంలో బొమ్మల ప్రదర్శన. కొండ మీంచి ఒక గిరిజన మహిళ డ్రాయింగు టీచరుకి రాసిన ఉత్తరాలు గోడలకి పెట్టారు. జనం వరసకట్టి చూస్తున్నారట. మధ్యలో పెద్దగా అచ్చువేసింది డోలీ బొమ్మ. కింద ఒక వాక్యం: "బిడ్డను పోగొట్టుకున్న గిరిజన తల్లి వేదన."

అంతకు రెండు వారాల ముందు రత్నాలు ఉత్తరంలో "ఒక మంచి సంగతి ఉంది, అయ్యాక చెప్తాను," అని ఉంది. ఆ మంచి సంగతి ఇదన్నమాట. కృపావతికి ఎవరో తన ఇంట్లోకొచ్చి, తను ముసుగేసుకుని పడుకున్న దుప్పటి లాగేసినట్టయింది. రవిబాబు మొహంలో సంతోషం చూసి ఏమీ అనలేక, పేపరు తీసుకుని అరుగు మీద కూర్చుంది.

బుధు కాఫీ పళ్ళు తిరగేస్తున్నవాడు లేచి వచ్చాడు. అతనికి చదువు రాదు. బొమ్మకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. రవిబాబు వెళ్ళాక అడిగాడు.

"ఇది నాను కాదేటి?"

"నువ్వే."

"నీకు తెలివి ఉన్నాదా అప్పుడు?"

"ఉన్నాది. దారంతా ఉన్నాది."

బుధు ఆమె పక్కన కూర్చున్నాడు. "కళ్ళు మూసీసినావనుకున్నాను. ఎనక్కి తిరిగితే అడుగు తప్పుతాదని తిరగనేదు. రాళ్ళన్నీ తడిసిపోయి ఉన్నాయి. నాను పడితే నువ్వూ పడతావు."

కృపావతి పేపరు మడతపెట్టింది. ఏడేళ్ళుగా ఆమె కళ్ళ ముందున్నది ఆ మెడే. దారంతా ఒక్కసారి కూడా తిరగని మెడ. బిడ్డ పోవడం తన తప్పేనని అతను కోపంగా ఉన్నాడనుకుంది.

"ఒక్కసారైనా సూత్తావనుకున్నాను," అంది.

"సూడాలనే ఉన్నాది."

ఆమె అతనివైపు తిరిగి అడిగింది. "ఎక్కడెట్టినావు?"

మర్నాడు పొద్దున్న అతను తీసుకెళ్ళి చూపించాడు. ఊరి పక్క పారే గెడ్డ అవతల, నేరేడు చెట్టు మొదట్లో, మూడు రాళ్ళు. చుట్టూ గడ్డి ఎవరో ఎప్పటికప్పుడు కోస్తున్నట్టు పొట్టిగా ఉంది. ఎవరు కోస్తున్నారని ఆమె అడగలేదు. ఇద్దరూ ఎండ పైకొచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. ఆమె ఏడ్చింది. అతను ఆమె వీపు మీద చెయ్యి వేసి, అవతలి కొండకేసి చూస్తూ ఉండిపోయాడు.

అయినా రత్నాలు మీద కోపం తగ్గలేదు. మూడు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది పేపరు ముక్కలతో సంతోషంగా ఉంది. రెండోదాంట్లో "ఎందుకు రాయడం లేదు?" అని ఉంది. మూడోది నాలుగే వాక్యాలు. అందులో క్షమించమని ఉంది. కృపావతి మూడూ చదివి, రత్నాలు రాసిన పాత ఉత్తరాలుంచే బిస్కెట్ల డబ్బాలో పెట్టేసింది. రత్నాలు బుధు ఫోనుకి చేస్తే, చేలో ఉన్నానని చెప్పమంది. నిజంగానే చేలోకి వెళ్ళిపోయింది, అబద్ధం చెప్పించినట్టు కాకూడదని.

ఫిబ్రవరిలో ఒకనాడు రత్నాలే వచ్చింది. రైలు దిగి, జీపు ఎక్కి, చివరి రెండు కిలోమీటర్లు నడిచి. యాభై రెండేళ్ళ మనిషి, ఆయాసపడుతూ అరుగు మీద కూలబడింది. భుజానికి గుడ్డసంచీ ఉంది. కృపావతి మంచినీళ్ళు ఇచ్చింది.

"అన్నీ దింపించేశాను కృపా. అన్నీ తెచ్చాను. నూట నలభై ఏడు. నీవి నువ్వు తీసుకో."

కృపావతి సంచీ ముట్టుకోలేదు. "ఒకటి అడుగుతానక్కా. నా ఉత్తరాలు గోడకెట్టినావు. నీయి ఎందుకు పెట్టనేదు?"

"నావి నీ దగ్గర కదా ఉన్నాయి."

"అడిగితే ఇచ్చేదాన్ని. అడగనేదు."

రత్నాలు తల వంచుకుంది. "నావి గోడకి పెట్టేటంతటివి కావనుకున్నాను," అంది. మళ్ళీ తనే, "అదొక్కటే కాదులే. వాటినిండా నా ఏడుపులే. ఎవరైనా చూస్తే సిగ్గు."

"మరి నాయందులో ఏటున్నాయి?"

గుమ్మంలో నిలబడి వింటున్న బుధు నెమ్మదిగా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"నిన్ను అందరూ చూడాలనిపించింది," అంది రత్నాలు చివరికి. "ఆ డోలీ బొమ్మ ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నవాళ్ళని చూశాను. గర్వంగా అనిపించింది, ఏదో నేనే వేసినట్టు. నిన్ను ముందే అడగొచ్చు. అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు. అదీ నిజం."

"నాకు నొప్పి అక్కడే అక్కా. తెలిసే సేసినావు."

"అవును."

ఆ ఒక్క మాట దగ్గర కృపావతికి పట్టు సడలింది. రత్నాలు సాకు చెప్పి ఉంటే ఆమె ఇంకా బిగుసుకునేదే. లేచి వెళ్ళి అటక మీంచి బిస్కెట్ల డబ్బా దింపింది. ఒకటి కాదు, మూడున్నాయి. వాటిని రత్నాలు ముందు పెట్టి, "అన్నం తిన్నాక సూద్దాం," అంది.

రత్నాలు రెండు రోజులుంది. అరుగు మీద ఎండలో ఇద్దరూ చెరో పక్కా కూర్చుని, ఎవరు రాసినవి వాళ్ళు చదువుకున్నారు. కృపావతికి తన పాత తప్పులు చూసి నవ్వొచ్చింది. రత్నాలు మాత్రం మొదటి డబ్బా సగానికి వచ్చేసరికి చదవడం ఆపేసి, బొమ్మలున్న కాగితాలు వేరుగా పేర్చడం మొదలుపెట్టింది. ఆ దొంతర పెరుగుతూనే ఉంది.

"ఇవన్నీ నేనే వేశానా?"

"మరెవులేత్తారు?"

"నేను బొమ్మలు మానేసి ఇరవై ఏళ్ళయిందని అందరికీ చెప్తున్నాను కృపా."

"నాకూ అలాగే రాసినావు. రాసి, పక్కనే బొమ్మ ఏసినావు. సెప్దామనుకున్నాను గాని, సెప్తే మానీగలవని ఊరుకున్నాను." కృపావతి దొంతర దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే చూసింది. "ఈ టీకొట్టు బాగునేదు. ఆవిరి దారంలాగున్నాది. ఇదిగో, మీయమ్మ సేతులు, ఇది మంచిది. ఇది నాకొచ్చినపుడు మూడు రోజులు ఎదురుగా పెట్టుకున్నాను."

రత్నాలు ఆ కాగితం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు.

రెండో రోజు కాగితాలన్నీ మూడు కుప్పలు చేశారు. పదిమందికి చూపించదగ్గవి, చూపించకూడనివి, ఆ బొమ్మలో ఉన్న మనిషిని అడగాల్సినవి. సరళ నెత్తి మీద పేను బొమ్మ మూడో కుప్పలో పడింది. హాస్టల్లో ఉన్న పిల్లకి ఫోను చేసి అడిగితే, చచ్చినా వద్దంది. డోలీ బొమ్మ తీసుకుని కృపావతి పెరట్లోకి వెళ్ళింది. బుధు చేతులు తుడుచుకుని దాన్ని అందుకున్నాడు.

"ఇంట్లో ఉండనీ," అన్నాడు.

రత్నాలు వెళ్ళే రోజు దారి మలుపు దాకా కృపావతి వెంట నడిచింది. నేరేడు చెట్టు సంగతి అప్పుడు చెప్పింది. "ఆ పేపరు రాకపోతే ఆయనా నానూ ఇంకా మాటాడుకోకపోదుము. అంతమాత్రాన నువ్వు సేసింది మంచిదైపోదు. రెండూ సెప్తున్నాను."

"విన్నాను," అంది రత్నాలు.

ఉత్తరాలు మళ్ళీ మొదలయ్యాయి గాని, కృపావతి పంపేవాటిలో ఆరేడు నెలలు బొమ్మలు లేవు. వాన పడింది, రాగులు బాగున్నాయి, సరళకి జ్వరమొచ్చి తగ్గింది, అంతే. కాగితం కింద సగం ఖాళీగా ఉండేది. రత్నాలు అడగలేదు. తను మాత్రం ప్రతి ఉత్తరంలో ఒక బొమ్మ వేసి పంపింది, ఇప్పుడు పెన్నుతో కాదు, రంగులతో. సెప్టెంబరులో ఒక కవరు వచ్చింది. చివర ఇలా ఉంది: "పోయినసారి నువ్వు పంపిన చెరువు బాగున్నాది. నీళ్ళు తడిగా ఉన్నాయి. నాను కూడా ఒకటి ఏసినాను." కింద ఒక మేక, చెట్టుకి కాళ్ళానించి ఆకులందుకుంటోంది.

తర్వాతి సంవత్సరం జనవరిలో విజయనగరంలో ఒక చిన్న హాల్లో ఇద్దరి ఉత్తరాలూ పక్కపక్కన పెట్టారు. ఏవి పెట్టాలో కృపావతి కూడా కూర్చుని ఏరింది. పెట్టినవాటి కింద వ్యాఖ్యలేవీ రాయనివ్వలేదు. బుధు కొత్త చొక్కా వేసుకుని వచ్చి, గోడ పొడుగునా ఒకసారి నడిచి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన కృపావతిని అడిగాడు.

"అమ్మా, మీరు ఈ టీచరుగారి దగ్గరే నేర్చుకున్నారా?"

"నేదండి. మాకు ఉత్తరాల పరిచయం."

కాఫీ గింజల పనుందని బుధు మర్నాడే కొండెక్కేశాడు. కృపావతి ఇంకో నాలుగు రోజులుంది. రత్నాలు ఇంటి పంచలో గోడంతా ఖాళీగా ఉండటం ఆమెకు నచ్చలేదు. ఇద్దరూ కలిసి దానికి ఎర్రటి పూత పూసి బొమ్మలు వేశారు. కుడివైపు కృపావతి, ఎడమవైపు రత్నాలు. మధ్యలో జానెడు జాగా గురించి ఒక సాయంత్రమంతా వాదించుకుని, చివరికి దాన్ని అలాగే వదిలేశారు.

మూడో రోజున కృపావతి ఒక కవరు అడిగి తీసుకుంది. పెళ్ళయి పదిహేడేళ్ళలో మొగుడికి ఉత్తరం రాయడం అదే మొదటిసారి. అతనికి చదువు రాదు గనక అందులో ఒక్క అక్షరం లేదు, బొమ్మే ఉంది. చిరునామా రత్నాలు రాసింది.

ఆ ఉత్తరం ఆమె కరకపుట్టు చేరిన రెండు రోజులకి చేరింది. రవిబాబు పేరు చదివి, కృపావతిని దాటుకుని వెళ్ళి బుధు చేతిలో పెట్టాడు. బుధు కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె చాటలో గింజలు ఏరుకుంటూ తలెత్తలేదు.

"ఏటి రాసినావు?" అన్నాడు.

"ఇప్పి సూడు."

బుధు చేతులు కడుక్కుని వచ్చి, అరుగు మీద వెలుతురున్న చోట కూర్చుని, అంచు చిరగకుండా కవరు విప్పాడు.